240 పౌండ్లకు చెక్కపెట్టెల దర్శనం

స్కాట్లండ్‌లో, ఆ దేశపు ఉత్తర, తూర్పు ప్రాంతాలను పూర్వం ఏలిన పిక్ట్ జాతి రాజుల ఆనవాళ్లు చూడదలచినవారు అక్టోబరు నుంచి మార్చి వరకు అంగస్ ప్రాంతపు టూర్లకు పైసా కూడా కట్టవద్దని ముందే మనవి చేస్తున్నాను. ఎడింబరోలో మా అమ్మాయి ఇంట్లో ఉండగా, మా అల్లుడు నలుగురికీ కలిపి 240 పౌండ్లు, అంటే మన లెక్కలో ఇరవై ఆరు వేల పైమాటే, ముందుగా కట్టి ఒక ప్రైవేటు టూరు మాట్లాడాడు. ప్రకటనలో యుద్ధ దృశ్యం చెక్కిన శిల ఫొటో ఎంతో ఘనంగా వేశారు. తీరా అక్టోబరు చివర్లో అంగస్‌లోని అబర్లెమ్నో అనే ఊరు చేరేసరికి రోడ్డు పక్కన నిలువెత్తు చెక్కపెట్టెలు తప్ప మరేమీ లేవు. గడ్డకట్టే చలికి రాయి దెబ్బతినకుండా ఏటా శీతకాలమంతా వాటిని అలా మూసి ఉంచుతారట. ఆ జాగ్రత్తలో తప్పేమీ లేదు. సంగతి తెలిసి కూడా డబ్బు కట్టించుకున్నవారిదే తప్పు.

చర్చి ఆవరణలోని శిల కోసమే మేము అంత దూరం వెళ్లాము. దాని ఒక ముఖాన శిలువ, రెండో ముఖాన గుర్రపు రౌతులు, కాల్బలం, కింది మూలన నేలకూలిన యోధుణ్ణి పొడుస్తున్న పక్షి ఉంటాయి. 685 మే 20న పిక్ట్ రాజు బ్రిడే సేనలు దక్షిణాన ఉన్న ఆంగ్ల రాజ్యం నార్తంబ్రియా రాజు ఎక్‌ఫ్రిత్‌ను హతమార్చిన డన్ నెక్తన్ యుద్ధమే అదని చాలామంది నమ్మకం. ఆ యుద్ధం ఇక్కడికి ఎంతో దూరాన, ఉత్తరాన జరిగి ఉండవచ్చని వాదించే చరిత్రకారులూ ఉన్నారు. మాకు మాత్రం పలకల సందులోంచి సెల్‌ఫోన్ టార్చి వేస్తే జానెడు బూడిదరంగు రాయి కనిపించింది.

డబ్బు వాపసు అడిగితే, డ్రైవరూ గైడూ తానే అయిన ఆ పెద్దమనిషి "స్థలానికి తీసుకొచ్చాను కదా" అని, ఆ లోటు తీర్చడానికన్నట్టు కథ అందుకున్నాడు. పిక్ట్‌లలో సింహాసనం తల్లి వంశం ద్వారానే సంక్రమించేదని, అందులో సందేహమే లేదని అతని మాట. చరిత్ర టీచరుగా పనిచేసి రిటైరైన మా శ్రీమతి, పొద్దుటినుంచీ ముభావంగా ఉన్నది కాస్తా, "అయితే ఆ తల్లుల పేర్లేమిటి?" అని అడిగింది. అతడు వాన వచ్చేలా ఉందని కారెక్కాడు.

ఆ ప్రశ్న చాలా పదునైనది. తల్లి వంశపు వాదానికి ముఖ్య ఆధారం 731లో నార్తంబ్రియా సన్యాసి, చరిత్రకారుడు బీడ్ రాసిన మాట: వారసత్వంపై సందేహం వచ్చినప్పుడు పురుష వంశం కన్నా స్త్రీ వంశం నుంచి రాజును ఎన్నుకునేవారని. రాజుల జాబితాల్లో మాత్రం దాదాపు అన్నీ తండ్రుల పేర్లే. దెరిలే కొడుకుగా పేర్కొన్న నెక్తన్ అనే రాజు విషయంలో మాత్రం దెరిలే అన్నది తండ్రి పేరు కాక తల్లి పేరు కావచ్చని కొందరు అంటారు. అయితే ఎనిమిదో శతాబ్దం చివరి వరకు తండ్రి తరువాత కొడుకు రాజైన దాఖలా స్పష్టంగా కనిపించదు. పైగా తలోర్గన్ అనే పిక్ట్ రాజు తండ్రి నార్తంబ్రియా రాజకుమారుడు, బ్రిడే తండ్రి డంబార్టన్ రాజు, అంటే ఇద్దరి తండ్రులూ పరాయి రాజ్యాలవారే. కనుక గైడు చెప్పింది పూర్తిగా అబద్ధమనలేము. అంత ధీమాగా చెప్పడమే మోసం. మన గౌతమీపుత్ర శాతకర్ణి పేరులో తల్లి ఉన్నా రాజ్యం కొడుకు పులుమావికే దక్కింది; ఇక్కడ తల్లి పేరే లేకుండా తల్లి వంశమంటున్నారని కారులో మా ఆవిడ విసుక్కుంది.

దగ్గర్లోని ఫార్ఫర్ ఊళ్లో తిన్న పప్పు సూపు ఒక్కటే ఆ రోజుకు ఊరట. బ్రెడ్డుతో కలిపి గిన్నె 5 పౌండ్ల 50 పెన్నీలు. మైసూరు పప్పు, క్యారెట్టు మెత్తగా ఉడికించి మిరియాల పొడి చల్లి ఇచ్చారు. శాకాహారులు దాన్ని పంది ఎముకలు వేసి ఉడికించారేమో ముందే అడగాలి, చాలాచోట్ల అలాగే చేస్తారు.

మర్నాడు ఎడింబరో నేషనల్ మ్యూజియంలో, ప్రవేశ రుసుము లేకుండానే, హిల్టన్ ఆఫ్ క్యాడ్‌బోల్ అనే పిక్ట్ శిలను తీరిగ్గా చూశాము. వేట దృశ్యంలో అందరికన్నా ప్రముఖంగా, గుర్రంపై పక్కకు కూర్చున్న ఒక స్త్రీ. ఆమె దగ్గరే అద్దం, దువ్వెన. ఆమె రాణి అని ఎక్కడా రాసి లేదు. శిల రెండో వైపున్న శిలువను 1676లో ఉలితో చెక్కి తీసేసి, ఒకాయన తనకూ తన ముగ్గురు భార్యలకూ సమాధి ఫలకంగా వాడుకున్నాడని చదివి మా శ్రీమతి ఆ యాత్రలో మొదటిసారి పకపకా నవ్వింది.

అంగస్ శిలలే చూడాలన్న పట్టుదల ఉన్నవారు ఏప్రిల్, సెప్టెంబరు మధ్య వెళ్లి, దగ్గర్లోని మీగిల్ మ్యూజియంలోని 26 చెక్కడపు రాళ్లను కూడా కలుపుకోవాలి. శీతకాలంలో అదీ మూసి ఉంటుంది. టూరు మాట్లాడేటప్పుడు శిలలు తెరిచి ఉంటాయా అని రాతపూర్వకంగా అడగండి. మా అల్లుడి ఫిర్యాదుకు ఆ సంస్థ నుంచి ఇప్పటికీ జవాబు లేదు.