నాలుగేళ్ల తర్వాత నా వాల్వు గొంతు గురించి

స్వరపేటిక తీసేశాక మొదటి పద్నాలుగు నెలలు మెడకు ఆనించి మాట్లాడే మిషనుతోనే గడిపాను. దాని మోత ఒకే స్థాయిలో, ఆగకుండా సాగుతుంది కాబట్టి క, గ ల తేడా చెడిపోతుంది. కోవూరు దగ్గర మా పొలంలో కూలి మనిషిని కంప తెమ్మంటే గంప తెచ్చేవాడు. ఊపిరి మెడ మీది రంధ్రం గుండానే ఆడుతుంది, నోటిదాకా రాదు కాబట్టి 'హ' పలకనే పలకదు. నెల్లూరులో ఉండే మా అమ్మాయి ఒకసారి నా గొంతును కంపెనీవాళ్ల రికార్డు అనుకుని ఫోను పెట్టేసింది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

అందుకే శ్వాసనాళానికీ అన్నవాహికకూ నడుమ వాల్వు పెట్టించుకుని, మెడ మీది రంధ్రాన్ని బొటనవేలితో మూసి, నా ఊపిరితోనే "అమ్మా" అని ఫోనులో మా అమ్మాయిని పిలిచినప్పుడు, అవతలి నుంచి "నాయనా, నువ్వేనా?" అని వినిపించడం ఈ నాలుగేళ్లలో ఒక్కరోజు కూడా మరవలేదు. అడిగితే అడిగినట్టు, కోప్పడితే కోప్పడినట్టు నా గొంతు మళ్లీ కదిలింది.

రెండో ఏడాది వేసవిలో ఒక ఉదయం, కాఫీ రెండో గుక్కకే ఉక్కిరిబిక్కిరయ్యేంత దగ్గు వచ్చి, మెడకు కట్టుకున్న గుడ్డ మీద కాఫీ మరక పడింది. వాల్వు సిలికోన్ రబ్బరు మీద ఈస్టు అనే బూజు పెరిగి దాని మూత సరిగా పడటం లేదనీ, తాగినది ఊపిరితిత్తుల వైపు జారుతోందనీ తర్వాత తెలిసింది. రోజూ బ్రష్షుతో శుభ్రం చేస్తూనే ఉన్నాను. వాల్వు మార్చడానికి చెన్నైలో ఐదు రోజుల తర్వాత గాని వీలు కుదరలేదు. ఆ ఐదు రోజులూ గుక్కెడు మంచినీళ్లకు భయపడి, పలచటివాటికంటే చిక్కటివి తక్కువ కారుతాయి గనుక, రాగి సంగటి, గడ్డ పెరుగుతో నెట్టుకొచ్చాను. తాగేటప్పుడు వాల్వులో పెట్టుకునే చిన్న బిరడా ఒకటి ఉంటుందని, అది ఉన్నంతసేపు మాట రాకపోయినా నీళ్లు తాగవచ్చని, మొదటిసారి వాల్వు వేసినచోట ఎవరూ చెప్పలేదు. ఆ కష్టం నా మనసులో ఇంకా అలాగే ఉంది.

పాత గొంతు తిరిగొచ్చిందని మొదటి నెలల్లో కనబడినవారందరికీ చెప్పాను. ఇప్పుడు అంత మాట అనను. గొంతు బొంగురుగానే ఉంటుంది, భోజనం కాగానే తడితో గరగరలాడుతుంది, మోటారు ఆడుతుంటే గట్టు మీది మనిషికి చేరదు. క, గ లు ఇప్పటికీ అప్పుడప్పుడు కలిసిపోతాయి.

బెంగళూరు వైద్యుడు విశాల్ రావు రూపొందించిన 50 రూపాయల 'ఓం' వాల్వు సంగతి విని ఖర్చు విషయంలో ఆశ కలిగింది గాని, నాది వేలు పోసి కొనే విదేశీ రకం. కొన్ని నెలలకొకసారి దాన్ని మార్చుకోవడం, మా అబ్బాయి చెన్నైలో ఉన్నాడు కాబట్టి, నాకు సాగుతోంది. తోడు లేనివారికి, వేళ్లు వణికేవారికి మిషనే నయం కావచ్చు. నేనూ దాన్ని ఛార్జి చేసి దిండు పక్కనే పెట్టుకుంటున్నాను.