దివాలా కేసుల లాయరు: ఏళ్ల తరబడి పని చేయించుకున్నాక నా మాట

మాది జీడిమెట్లలో అట్టపెట్టెల యూనిట్. మొండి బాకీలన్నిటికీ ఈ లాయరుగారి దగ్గరికే వెళ్తుంటాం. పేరు రాయను. ఆయన అనుభవం మాకు ఎక్కడ అక్కరకొచ్చిందో చెప్తాను.

మొదట్లో హైకోర్టులో కంపెనీల మూసివేత పిటిషన్లు వేసేవారు. 1956 చట్టం కింద 21 రోజుల నోటీసిచ్చి ఏళ్లకేళ్లు కాచుకునే కాలమది. తర్వాత బ్యాంకుల మొండి బాకీలు వసూలు చేసే ట్రిబ్యునల్ డీఆర్‌టీలో బ్యాంకుల తరఫున, ఖాయిలా కంపెనీల సంగతి చూసే బోర్డు బీఐఎఫ్‌ఆర్‌లో ఆ కంపెనీల తరఫున వాదించారు. అందుకే 2016లో దివాలా కోడ్ వచ్చేనాటికి ఇచ్చినవాడి గుబులూ, ఎగ్గొట్టేవాడి ఎత్తులూ ఆయనకు తెలిసినవే.

మొదటిసారి వెళ్తే బిల్లులు పక్కన పెట్టి, మా సరుకు బాగాలేదంటూ అవతలివాళ్లు పంపిన మెయిళ్లు ఉన్నాయా అని అడిగారు. బాకీ పడ్డ కంపెనీ మీద సప్లయర్లు దివాలా కోడ్ సెక్షన్ 9 కింద కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ)లో పిటిషన్ వేస్తారు. నోటీసుకు ముందే నిజమైన తగాదా ఉంటే ఆ పిటిషన్ నిలవదని 2017లో మొబిలాక్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి మెయిల్ కనబడ్డ ఒక పార్టీ మీద కేసే వద్దన్నారు. ఫీజు పోయినా సరే వద్దనే లాయర్లు ఎంతమంది ఉంటారు?

ఇంకో పార్టీ విషయంలో నేను దూకుడు మీదుంటే, ‘పిటిషన్ అడ్మిట్ అయ్యిందా, ఆ కంపెనీ పగ్గాలు అప్పిచ్చిన బ్యాంకుల కమిటీ చేతికి పోతాయి, మీరు వరసలో వెనక నిలబడాలి’ అన్నారు. కమిటీ ఏర్పడ్డాక రాజీపడి కేసు వెనక్కి తీసుకోవాలన్నా అందులో 90 శాతం ఓటు కావాలి. బ్యాంకుల తరఫున పనిచేసినాయన కాబట్టే అంత గట్టిగా చెప్పగలిగారు. పిటిషన్‌కు ముందు ఇచ్చే 10 రోజుల డిమాండ్ నోటీసు దగ్గరే బేరం కుదిర్చారు. వడ్డీ వదులుకున్నాం, అసలు వచ్చింది.

2020 మార్చిలో దివాలా పిటిషన్ వేయడానికి ఉండాల్సిన కనీస బాకీని లక్ష నుంచి కోటికి పెంచారు. చిన్న సప్లయర్లకు ఆ దారి దాదాపు మూసుకుపోయింది. అప్పట్నుంచి మా కేసులు చిన్న పరిశ్రమల బాకీ తగాదాలు తేల్చే ఎంఎస్‌ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో వేస్తున్నారు. అక్కడ 45 రోజులు దాటిన బాకీకి బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ అడగొచ్చు. సరుకు పంపేనాటికే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఉండాలని ఆయన పట్టుబడతారు.

విసుగు పుట్టించేవీ ఉన్నాయి. బండ్లగూడలోని ఎన్‌సీఎల్‌టీకి చాలాసార్లు జూనియర్లే వచ్చి వాయిదా పట్టుకుపోతారు. పగలు ఫోన్ ఎత్తరు. ఫీజు ఎక్కువే, కాకపోతే వాయిదాకింత కాకుండా దశకింత అని ముందే రాసిస్తారు. అప్పీలు చెన్నైకి వెళ్తే దారి ఖర్చులు మనవే.

ఇలాంటి లాయరును వెతుక్కునేవాళ్లు ఆఫీసు గోడ మీది సర్టిఫికెట్లు చూసి పొంగిపోకండి. ఎన్‌సీఎల్‌టీ ఉత్తర్వుల్లో ఎవరి తరఫున ఎవరు హాజరయ్యారో ఉంటుంది. అవి ఓ పది చదివి, రెండు వైపులా వాదించారో లేదో చూడండి.