కెనడా పద్ధతా, గల్ఫ్ పద్ధతా? బయటోళ్ళని రానిచ్చే దేశానికి ఏది మేలు

మా ఇంట్లో రెండు రకాలవాళ్ళూ ఉన్నారు. బాబాయ్ 14 ఏళ్ళు దుబాయ్‌లో తాపీ పని చేసి వచ్చాడు, మా అక్క కొడుకేమో 2022లో చదువుకని కెనడా పోయి బ్రాంప్టన్‌లో ఉంటున్నాడు. అందుకే బయటోళ్ళొస్తే దేశం బాగుపడుద్దా చెడిపోద్దా అని ఎవరైనా వాదించుకుంటుంటే నాకు ముందు అడగాలనిపించేది ఒకటే, వచ్చినోళ్ళు ఎక్కడ పడుకుంటున్నారు?

కెనడా సంగతి చూడండి. 2023 ఒక్క ఏడాదిలోనే అక్కడ జనాభా 12 లక్షలకు పైగా పెరిగింది, దాదాపు అంతా వలసల వల్లే. అదే ఏడాది అక్కడ పని మొదలైన కొత్త ఇళ్ళు సుమారు 2.4 లక్షలు. అంటే ఇంటికి ఐదుగురు, అదీ ఉన్నోళ్ళ అవసరాలు పక్కనపెడితే. మావాడు దిగింది ఒక బేస్‌మెంట్‌లో, ఆరుగురికి ఒకటే బాత్రూమ్, పొద్దున ఎవరు ఎన్నింటికి స్నానం చెయ్యాలో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించుకున్నారు, కిటికీ జానెడు, మంచు పడితే అది కూడా మూసుకుపోద్ది. వీడియో కాల్‌లో ఆ కాగితం చూసి మా అక్క ఏడ్చేసింది.

దీనికి పిల్లల్ని తిట్టడం మాత్రం అన్యాయం. బ్రాంప్టన్ ఉన్న ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వం 2019లో లోకల్ స్టూడెంట్ల ఫీజు 10 శాతం తగ్గించి ఇంక పెంచొద్దంది, కాలేజీలేమో ఆ లోటు పూడ్చుకోడానికి మనలాంటోళ్ళ పిల్లల మీద పడ్డాయి, 2023 చివరికి విదేశీ స్టూడెంట్లు దేశం మొత్తమ్మీద 10 లక్షలు దాటిపోయారు. సరిగ్గా అప్పుడే కెనడా సెంట్రల్ బ్యాంక్ వడ్డీ 2022 మార్చి మొదట్లో 0.25 శాతం ఉన్నది 2023 జులైకి 5 శాతం అయింది, అప్పు తెచ్చి ఇల్లు కట్టేవాడు వెనక్కి తగ్గడా మరి? ఇంకో పెద్ద తప్పు, పాయింట్లు ఇచ్చి పీఆర్ (అక్కడే స్థిరపడే అనుమతి) ఇచ్చేటప్పుడు డిగ్రీలూ ఇంగ్లీష్ స్కోరే ఎక్కువ చూశారు, పనుల వారీగా మనుషుల్ని ఎంచే డ్రాలు పెట్టి అందులో వడ్రంగుల్నీ ప్లంబర్లనీ చేర్చింది 2023లోనే.

గల్ఫ్‌లో దీనికి పూర్తి రివర్స్. తాపీ మేస్త్రీలనీ సెంట్రింగ్ వాళ్ళనీ లక్షల్లో దించారు. యూఏఈలో పదిమందిలో దాదాపు తొమ్మిది మంది బయటోళ్ళే, అయినా అక్కడి పౌరుడికి ఇంటి కష్టం రాలేదు, వాళ్ళకి సర్కారే స్థలం, ఇంటి లోన్ ఇస్తది, కూలీ వాళ్ళు ఊరి బయట లేబర్ క్యాంపులో ఉంటారు. బాబాయ్‌కి అక్కడ సొంతం అనుకోడానికి ఉన్నది ఒక బంకు మంచం, దానికి దుప్పటితో కట్టుకున్న పరదా, తెల్లారకముందే సైట్‌కి బస్సు. ఉద్యోగాల్లో కూడా పౌరులు ఎక్కువగా గవర్నమెంట్ వైపే పోతారు, ప్రైవేట్ కంపెనీల్లోకి తేవడానికి సౌదీ 2011లో నితాఖత్ అని, కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండాలన్న కోటా పెట్టాల్సొచ్చింది, అప్పుడు మన దిక్కు ఎంతమంది పని పోయి ఇంటికొచ్చారో గుర్తుండే ఉంటది. పైగా కూలివాడు సంపాదించింది మొత్తం ఇంటికే పంపుతాడు, అక్కడ ఇల్లు కొనలేడు, పిల్లల్ని తెచ్చుకోలేడు, ఇంక అక్కడేం ఖర్చుపెడతాడు? కఫీల్‌తో, అంటే వీసా ఇప్పించిన యజమానితో, చెడి బయటికొస్తే కల్లివెల్లి అయిపోతాడు, అంటే కాగితాల్లేనివాడు, సగం జీతానికైనా ఎక్కడో దాక్కుని చెయ్యాలి.

2024 జూన్‌లో కువైట్ మంగాఫ్‌లో కార్మికులుండే బిల్డింగ్ తగలబడి కనీసం 45 మంది మనవాళ్ళు చనిపోయారు, అందులో ఆంధ్రా వాళ్ళు కూడా ఉన్నారు. ఇంటి సమస్య లేదు అని గల్ఫ్‌ని మెచ్చుకునేవాళ్ళు ఆ ఫొటోలు ఒక్కసారి చూడాలి. ఆ సమస్య తీరలేదు, పౌరులకి కనపడకుండా క్యాంపుల్లోకి మారిందంతే.

జపాన్‌ని కూడా కొందరు ఎగ్జాంపుల్ చెప్తారు, ఇన్నాళ్ళు తలుపులు గట్టిగా మూసుకుని ఇప్పుడు 90 లక్షల ఖాళీ ఇళ్ళతో, పనికి మనుషుల్లేక, ఐదేళ్ళలో 8.2 లక్షల మంది వరకు రానిస్తామని 2024లో చెప్పింది. ఇళ్ళున్నాయి, మనుషుల్లేరు.

నన్నడిగితే కెనడా దారే మేలు, ఇంతైనా సరే. అక్కడికి పోయినోడు ట్యాక్స్ కడతాడు, కారు కొంటాడు, పిల్లల్ని అక్కడి బడికి పంపుతాడు, పదేళ్ళకి తనే పదిమందికి పనిస్తాడు. కాకపోతే ఏడాదికి ఎన్ని ఇళ్ళు లేస్తాయో లెక్క చూసి వీసాలివ్వాలి, ఇళ్ళు కట్టే చేతుల్ని ముందు పిలవాలి. 2024 జనవరిలో స్టూడెంట్ పర్మిట్లకి పరిమితి పెట్టారు, అక్టోబర్లో 2025 పీఆర్ టార్గెట్‌ని 5 లక్షల నుంచి 3.95 లక్షలకి దించారు, కొత్తగా దిగేవాళ్ళ అద్దెలు కూడా ఆ తర్వాత కొంచెం దిగాయి. మావాడు ఇప్పుడు బేస్‌మెంట్ వదిలి ఇద్దరితో కలిసి పై అంతస్తులో గది తీసుకున్నాడు. పనుందా అంటే వారానికి మూడు షిఫ్టులే దొరుకుతున్నాయంటున్నాడు. బాబాయ్ వాడితో ఫోన్‌లో మాట్లాడిన ప్రతిసారీ అడిగేది ఒకటే, అక్కడ తాపీ మేస్త్రీకి గంటకి ఎంతిస్తున్నార్రా అని.