క్లోరైడా, బ్రోమైడా, అయొడైడా: యాసిడ్ మేలా, సిల్వర్ నైట్రేట్ మేలా?

ఇంటర్ ల్యాబ్‌లో ఇచ్చిన తెల్లపొడి హాలైడేమో, అంటే క్లోరైడ్, బ్రోమైడ్, అయొడైడ్‌లలో ఒకటేమో అని అనుమానం వచ్చిందనుకోండి. ముందు ఏ సీసా అందుకోవాలి? గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లమా, సిల్వర్ నైట్రేటా?

యాసిడ్‌తో ఉన్న సుఖం ఏమిటంటే పొడిని కరిగించే పని లేదు. చిటికెడు సాల్ట్ మీద నాలుగు చుక్కలు వేస్తే చాలు. అయొడైడ్ అయితే ఊదారంగు ఆవిరి లేస్తుంది, పొరబడే వీలే లేదు. క్లోరైడ్‌కి రంగు రాదు, ముక్కు మండించే పొగ వస్తుంది. అమ్మోనియాలో ముంచిన గాజు కడ్డీని ఆ పొగకు అడ్డం పెడితే దట్టంగా తెల్లపొగ కమ్ముకుంటుంది.

చిక్కంతా బ్రోమైడ్‌తోనే. దాని ఆవిరి ఎర్రటి గోధుమరంగు. నైట్రేట్‌ని యాసిడ్‌తో వేడిచేసినా గోధుమరంగు పొగే! నేను ఒకసారి ఇక్కడే బోల్తాపడ్డాను. నైట్రేట్ అనుకుని, యాసిడ్ తగిలిన చోట గోధుమరంగు వలయం వస్తే నైట్రేట్ అని తేల్చే బ్రౌన్ రింగ్ టెస్ట్ చేస్తే, యాసిడ్ తగిలిన చోట బ్రోమిన్ విడుదలై అక్కడా గోధుమరంగు కనబడింది. ఇంకేం, ధీమాగా నైట్రేట్ అని రాసేశాను. ముందే రాగి ముక్కలు వేసి చూసుంటే సరిపోయేది. నైట్రేట్ అయితే పొగ ఇంకా ముదిరి, ద్రావణం నీలమయ్యేది.

సిల్వర్ నైట్రేట్‌కి ఈ గొడవ లేదు కానీ మడి ఎక్కువ. సాల్ట్‌ని స్వేదనజలంలోనే కరిగించాలి. కుళాయి నీళ్లలోనే క్లోరైడ్ ఉంటుంది కాబట్టి ఉత్త నీళ్లు కూడా తెల్లబడతాయి. తర్వాత సజల నైట్రిక్ ఆమ్లం కలపాలి, లేకపోతే కార్బొనేట్ కూడా అవక్షేపం (ద్రావణంలో కరగకుండా విడిపోయే పొడి) ఇచ్చి మోసం చేస్తుంది. నైట్రిక్‌కి బదులు హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోశారో, మీరే క్లోరైడ్ కలిపినట్టు.

ఆపైన సిల్వర్ నైట్రేట్ వేస్తే, అవక్షేపం పెరుగు విరిగినట్టు తెల్లగా వస్తే క్లోరైడ్, లేత పసుపైతే బ్రోమైడ్, పసుపైతే అయొడైడ్ అని చదువుకుంటాం. ట్యూబ్‌లైట్ కింద తెలుపుకీ లేత పసుపుకీ తేడా పట్టడం నా కళ్లకి ఎప్పుడూ చేతకాలేదు. అక్కడ ఆదుకునేది అమ్మోనియా. సజల అమ్మోనియాలో సిల్వర్ క్లోరైడ్ ఇట్టే కరిగిపోతుంది. బ్రోమైడ్ అంతంతమాత్రం, గాఢ అమ్మోనియా కావాలి. అయొడైడ్ కదలదు. దానికి కారణం ద్రావణీయతా లబ్ధం (ఇది ఎంత చిన్నదైతే ఇవి నీళ్లలో అంత తక్కువ కరుగుతాయి): 25 డిగ్రీల దగ్గర క్లోరైడ్‌కి సుమారు 1.8 × 10⁻¹⁰, అయొడైడ్‌కి 8.5 × 10⁻¹⁷.

నన్నడిగితే, యాసిడ్ అనుమానానికి, సిల్వర్ నైట్రేట్ తీర్పుకి. టైమ్ తక్కువై ఒక్కటే చేయగలిగితే సిల్వర్ నైట్రేట్, దాని వెంట అమ్మోనియా. ఊదారంగు ఆవిరి ముందే కనబడితే మాత్రం అంత శ్రమ అక్కర్లేదు. క్రోమిల్ క్లోరైడ్ టెస్ట్ క్లోరైడ్‌కి మంచి నిర్ధారణే గానీ, అందులో వాడే డైక్రోమేట్ విషం. పరీక్ష సూచనల్లో అడిగితే తప్ప నేను దాని జోలికి పోను.

సిల్వర్ నైట్రేట్ వేళ్లకి అంటితే నల్లటి మచ్చలు కొన్ని రోజులు పోవు. అమ్మోనియా కలిపిన ఆ ద్రావణాన్ని మాత్రం స్టాండులో వదిలేసి వెళ్లకండి, నిలవ ఉంటే పేలే పదార్థం ఏర్పడే ప్రమాదముంది. సజల నైట్రిక్ ఆమ్లం కలిపి, వెంటనే వ్యర్థాల సీసాలో పోసేయండి.