ఒమన్‌లో కారు అద్దెకు తీసుకునే ముందు

మస్కట్ నుంచి నిజ్వా వెళ్లే రహదారి ఎలా ఉంటుందని మిర్యాలగూడలో అడిగినవాళ్లకు నేను చెప్పేది ఒకటే: దాని మీద ఎవరూ వడ్లు ఆరబోయరు. ఎదురుదారిలో మోటారు సైకిళ్లు రావు. గరిష్ఠ వేగం 120 కిలోమీటర్లు, దారి పొడవునా రాడార్ కెమెరాలు. వేగం దాటితే మా కారు కీచుమని మోగేది. దానికి తోడు వెనక సీట్లో మా అత్తమ్మ.

అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ నల్లగొండ రవాణా కార్యాలయంలోనే తీసుకున్నాం. అది ఏడాదికి మించి చెల్లదు కాబట్టి ప్రయాణం ఖాయమయ్యాకే దరఖాస్తు చేయడం మేలు. అక్కడ బండి కుడివైపు నడపాలి, స్టీరింగ్ ఎడమవైపు. అది తొందరగానే అలవాటవుతుంది. చిక్కంతా పెద్ద సర్కిళ్ల దగ్గరే. లోపల తిరుగుతున్న బండికే దారి ఇవ్వాలి, ముందుగా బానెట్ దూర్చినవాడికి కాదు.

జబల్ అఖ్దర్ కొండకు బిర్కత్ అల్ మౌజ్ దగ్గర పోలీసు చెక్‌పోస్టు ఉంది. ఫోర్ వీల్ డ్రైవ్, అంటే నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే బండి, కాకపోతే పైకి పంపరు. పైదాకా తారురోడ్డే. ఎక్కడం కన్నా దిగడమే కష్టం: బ్రేకు మీద కాలు తీయకుండా దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి, చిన్న గేరులో దిగాలి. ఈ ఒక్క కొండ కోసం యాత్ర మొత్తానికి ఫోర్ వీల్ డ్రైవ్ బండి తీసుకోవడం దండగని నా లెక్క. సూర్ వైపు సముద్రతీరానికి చిన్న కారు చాలు. కొండకు నిజ్వాలో డ్రైవరుతో సహా బండి మాట్లాడుకున్నాం.

వానల విషయంలో మాత్రం మన ధైర్యం అక్కడ పనికిరాదు. ట్రాక్టరు వెళ్లింది కదా అని పొంగే వాగులో బైకు దింపేవాళ్లు మన దగ్గర ఉన్నారు. ఒమన్‌లో అది జైలుశిక్ష పడే నేరం. ఎక్కడో కొండల్లో కురిసిన వాన, మనం నిలబడిన చోట చినుకు లేకున్నా ఎండు వాగుల్లోకి వరదై దూసుకొస్తుంది.

బసకు నిజ్వా కోట పక్క సందుల్లోని పాత మట్టి ఇళ్లు నాకు బాగా నచ్చాయి. శుక్రవారం పొద్దున మేకల సంతకు నడిచే వెళ్లవచ్చు. అయితే ఆ సందుల్లోకి కారు పోదు, మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింది గది ముందే అడగాలి. కొండ మీది హోటళ్లు చల్లగా ఉంటాయి కానీ ధరలు మండిపోతాయి.

కారు అద్దెకు ఇచ్చిన సంస్థ డిపాజిట్ వెనక్కి ఇవ్వడానికి చాలా సతాయించింది. పాత గీతలన్నీ ముందే ఫోనులో ఫొటోలు తీసి ఉంచడం వల్లే గట్టెక్కాం.