కె-డ్రామా ముగింపులు: రెండోసారి చూశాక నిలబడినవి, నిలబడనివి

ముందే చెప్పేస్తున్నాను. ‘రిప్లై 1988’, ‘ట్వంటీ ఫైవ్ ట్వంటీ వన్’, ‘స్టార్ట్-అప్’, ‘రీబార్న్ రిచ్’, ‘మై మిస్టర్’, ఈ ఐదింటి ముగింపులూ ఇందులో దాచకుండా రాస్తున్నాను. ఇంకా చూడనివాళ్లు చూసొచ్చి చదవండి, ఇది ఎక్కడికీ పోదు.

కె-డ్రామాల, అంటే కొరియా టీవీ సీరియళ్ల మీద వచ్చే అభిప్రాయాలు చాలామటుకు ఆఖరి ఎపిసోడ్ చూసిన రాత్రి వేడి మీద చెప్పేవే. ఆ పిల్ల వీణ్ని కాదని వాణ్ని ఎందుకు చేసుకుంది, ఆయన్ని ఎందుకు చంపేశారు, రచయితకి మనసెలా ఒప్పింది అని. ఆ వేడి నాకు చాలా ఇష్టం. ఏళ్లుగా చెల్లెళ్లతో, వదినతో, ఆఫీసులో క్యారేజీలు విప్పే చోట ఇవే తగువులు పడుతున్నాను. కాకపోతే నచ్చినవాటిని మళ్లీ మొదటినుంచి వేసుకుని చూసే అలవాటు ఒకటుంది నాకు. దానివల్ల ఒక సంగతి గట్టిగా నమ్ముతున్నాను. ముగింపు బాగోలేదని మనం పోట్లాడేదంతా ఆ పాత్ర మనసులో అసలేముందన్న దాని గురించే. ఆ మనసు మొదటినుంచీ కథలో ఉందా, చివర్లో తెచ్చి అతికించారా అన్నది రెండోసారి చూస్తే గాని తేలదు. ఈ సమీక్ష ఆ రెండో చూపుది.

‘రిప్లై 1988’ గురించి ముందు మాట్లాడాలి. నేను చూసినంతలో ఇంత గొడవ ఇంకే డ్రామాకీ జరగలేదు. 2015 నవంబరు నుంచి 2016 జనవరి దాకా టీవీఎన్ అనే కొరియా కేబుల్ ఛానెల్లో 20 ఎపిసోడ్లుగా వచ్చింది. సియోల్‌లో సంగ్‌మున్‌దోంగ్ అనే పేట, ఒకే సందు, ఆ సందులో కలిసి పెరిగిన ఐదుగురు. వాళ్లలో ఒకతే ఆడపిల్ల దొక్‌సన్. నడివయసుకొచ్చాక ఆమె తన భర్తతో సోఫాలో కూర్చుని పాత రోజులు చెప్పుకుంటూ ఉంటుంది గాని, ఆ భర్త సందులో కుర్రాళ్లలో ఎవరన్నది చివరిదాకా చెప్పరు. కొరియాలో దేశమంతా రెండు జట్లయింది. ఆ భర్త జంగ్‌హ్వానే కావాలన్నది ఒక జట్టు, తేక్ అన్నది ఇంకో జట్టు. చివరికి తేకే అని తేలింది. ఆఖరి ఎపిసోడ్‌కి 18.8 శాతం రేటింగ్ వచ్చింది. అప్పటికి కేబుల్ ఛానెళ్ల డ్రామాల్లో అదే రికార్డు.

జంగ్‌హ్వాన్ జట్టు బలమంతా అతను చేసిన పనుల్లో ఉంది. కిక్కిరిసిన బస్సులో ఆమె మీద ఎవరూ పడకుండా చేతులు అడ్డుపెట్టి నిలబడతాడు. మోచేతి నరాలు ఉబ్బిపోతుంటాయి, ముఖం మాత్రం మామూలుగా ఉంచుకుంటాడు. వానలో గొడుగు పట్టుకుని ఎదురుచూసి, చేతికిచ్చి, త్వరగా ఇంటికి రమ్మని కసిరినట్టు చెప్పి వెళ్లిపోతాడు. మా పిన్ని కూతురికి ఇప్పటికీ మింగుడుపడదు. “అక్కా, ఇన్ని చేసినవాణ్ని వదిలేసి, చెప్పుల తాడు కూడా కట్టుకోవడం రానివాణ్ని చేసుకుంటుందా?” అంటుంది. “చేశాడు సరే, ఒక్కసారి నోరు తెరిచి చెప్పాడా?” అంటాను. “చెప్పాలా, కళ్లు లేవా దానికి?” అక్కడితో అన్నం చల్లారిపోతుంది.

రెండోసారి చూసినప్పుడు నేను కుర్రాళ్లను వదిలేసి దొక్‌సన్ వెంట వెళ్లాను. మొదటి ఎపిసోడే అంతా చెప్పేసింది. ఆమెది నడిపి పిల్ల బతుకు. అక్క పుట్టినరోజూ తనదీ దగ్గర దగ్గరగా వస్తాయని ఇద్దరికీ ఒకే కేకుతో సరిపెడతారు. అక్కకి బోరా, తమ్ముడికి నోఅల్ అని అందమైన పేర్లు పెట్టి తనకి మాత్రం దొక్‌సన్ అని ఎందుకు పెట్టారని ఏడుస్తుంది. సియోల్ ఒలింపిక్స్‌లో మడగాస్కర్ జట్టు ముందు బోర్డు పట్టుకుని నడవడానికి నెలల తరబడి సాధన చేస్తే ఆ దేశం పోటీలకే రాకుండా పోతుంది. ఎవరూ ముందుగా తనని ఎంచుకోరు అన్నది ఆ పిల్ల ఒంట్లో దిగిపోయిన సంగతి. అందుకే సందులో ఇంకో కుర్రాడు సన్‌వూ నిన్ను ఇష్టపడుతున్నాడని స్నేహితురాళ్లు చెప్పగానే సన్‌వూ మీద మనసు పడుతుంది. జంగ్‌హ్వాన్ అని చెప్తే అటు తిరుగుతుంది. రెండుసార్లూ ఎవరో తనని కోరుకున్నారన్న మాటకే కరిగిపోయింది. అవతలివాడెవడన్నది తర్వాతి సంగతి.

ఒక సన్నివేశం అప్పుడు నాకు కొత్తగా కనబడింది. నన్నెందుకు ఎవరూ ఇష్టపడరని దొక్‌సన్ అడిగితే, చదువులో ఎప్పుడూ వెనకబడే స్నేహితుడు దోంగ్‌ర్యోంగ్ తిరిగి అడుగుతాడు: నువ్వెవరిని ఇష్టపడుతున్నావు? కథంతటికీ ఇరుసు ఆ ప్రశ్నే. చైనాలో బదుక్ (నల్ల, తెల్ల రాళ్లతో బల్ల మీద ఆడే ఆట) పోటీకి తేక్ వెంట సహాయంగా వెళ్లినప్పుడు అతని తిండీ నిద్రా చూసుకునేది ఆమే. అక్కడ ఆమెని ఎవరూ నడిపి పిల్లగా చూడరు. ఏది కావాలో ఆమే చూసి, ఆమే అడిగి, ఆమే తెప్పిస్తుంది. తేక్ దగ్గర ఆమె ఎవరి ఎంపిక కోసమూ ఎదురుచూడదు. ఆ దృష్టితో చూస్తే ముగింపు సరిగ్గా కుదిరింది.

జంగ్‌హ్వాన్ మనసు కూడా దాచలేదు. 18వ ఎపిసోడ్‌లో కచేరీ హాలు దగ్గర దొక్‌సన్ ఒంటరిగా ఉందని తెలిసి కారులో దూసుకొస్తాడు. ప్రతి సిగ్నల్ దగ్గరా ఎర్ర లైటే. వచ్చేసరికి తేక్ ముందే అక్కడ నిలబడి ఉంటాడు, ఆడాల్సిన ఆటను వదులుకుని మరీ వచ్చాడు. ఆ రాత్రి జంగ్‌హ్వాన్ సిగ్నళ్లను తిట్టుకోడు. అడ్డుపడింది తన తటపటాయింపులేనని తనే ఒప్పుకుంటాడు. అంత నిజాయితీగా తన ఓటమిని చదువుకున్నవాణ్ని మనం వకీళ్లం పెట్టి గెలిపించాలనుకోవడం అతనికి మర్యాద కాదని నా అభిప్రాయం. తర్వాత ఉంగరం బల్ల మీద పెట్టి, ఉన్నదంతా చెప్పేసి, ఉత్తుత్తికే అన్నాను అని నవ్వేస్తాడు చూడండి, అక్కడ మాత్రం ఎన్నిసార్లు చూసినా ఏడుస్తాను.

అలాగని నిర్మాతలను పూర్తిగా వదిలిపెట్టను. ఇప్పటి కాలపు భర్తగా వేసిన కిమ్ జూ-హ్యోక్ మాటతీరులో ఆ విసురు, ఆ వెటకారం అచ్చం జంగ్‌హ్వానే. నెమ్మదిగా, తడబడుతూ మాట్లాడే తేక్ అలా ఎప్పుడు మారాడో కథలో ఎక్కడా లేదు. రహస్యం బయటపడకూడదని పాత్ర స్వభావాన్నే వంచారు. మొదటిసారి అది పొడుపుకథలా సరదాగా ఉంటుంది. రెండోసారి ఆ సోఫా సన్నివేశాలన్నీ అబద్ధంగా అనిపిస్తాయి. దొక్‌సన్‌కి తేక్ మీద ప్రేమ ఎప్పుడు మొదలైందన్నది కూడా అదే కారణంతో మధ్య ఎపిసోడ్లలో దాచేశారు. జంగ్‌హ్వాన్ జట్టు కోపంలో సగం న్యాయం అక్కడుంది.

‘ట్వంటీ ఫైవ్ ట్వంటీ వన్’ 2022లో వచ్చింది, ఏప్రిల్ 3న ముగిసింది. దాని ముగింపు మీద నాకు మొదట్లో ఎంత కోపమో ఇప్పుడంత గౌరవం. 1997 చివర్లో కొరియా ఐఎంఎఫ్ దగ్గర అప్పుకెళ్లిన కాలం. కథానాయిక హీదో చదివే బడిలో కత్తిసాము జట్టును ఎత్తేస్తారు. ఆమె ప్రేమించే బేక్ యిజిన్ కుటుంబం దివాలా తీసి చెల్లాచెదురైపోతుంది. వాళ్లిద్దరూ చివరికి విడిపోతారు. ఇప్పటి కాలంలో హీదో కూతురు మిన్‌ఛే అమ్మ డైరీ చదువుతుంటుంది, ఆ పిల్ల ఇంటిపేరు కిమ్. బేక్ కాదు. అది మొదటినుంచీ కళ్ల ముందే ఉంది. అయినా పేరు మార్చుకున్నాడేమో, పెంచుకున్న పిల్లేమో అని ఎన్ని దారులు వెతికామో! అమ్మాయి నాన్నని చివరిదాకా చూపించనే లేదు.

ఎందుకు విడిపోయారు? పైకి చూస్తే 2001 సెప్టెంబరు 11 తర్వాత యిజిన్ న్యూయార్క్‌లో విలేకరిగా ఉండిపోవడం, దూరం, అందని ఫోన్లు. ఇంత చిన్న కారణమా అని మా వదిన మండిపడింది. “ఏంటమ్మా ఇది, దుబాయిలో మొగుళ్లున్నవాళ్లు ఇక్కడ సంసారాలు చెయ్యట్లేదా?” మొదటినుంచి మళ్లీ చూస్తే కారణం చిన్నది కాదు. తండ్రి వల్ల నష్టపోయినవాళ్లు వచ్చి నిలదీస్తే, నేనింక ఎప్పటికీ సంతోషంగా ఉండనని యిజిన్ వాళ్లకి మాటిస్తాడు. కుర్రాడు, ఇరవై రెండేళ్లు. ఆ మాట విన్న హీదో, మనిద్దరం కలిసున్నప్పుడు మాత్రం ఎవరికీ తెలియకుండా సంతోషంగా ఉందాం అంటుంది. డ్రామా అంతా ఆ ఒప్పందం మీదే నడుస్తుంది. అతని సంతోషం ఆమె పక్కన ఉన్నంతసేపే. ఆమె లేనిచోట కష్టం వస్తే, పాత అలవాటు ప్రకారం దాన్ని ఒంటరిగా మొయ్యడమే తెలుసతనికి. న్యూయార్క్ శిథిలాల మధ్య చేసింది అదే.

హీదో వైపు గాయం ఇంకా పాతది. ఆమె తల్లి వార్తల యాంకర్. భర్త అంత్యక్రియలకి కూడా రాకుండా స్టూడియోలో ఉండిపోయిన మనిషి. తలుపు వైపు చూస్తూ కూర్చోవడం అంటే ఏంటో చిన్నప్పుడే తెలిసిన పిల్ల, అదే ఛానెల్లో పనిచేసే ఇంకో మనిషి కోసం మళ్లీ అలాగే కూర్చోవాల్సి వచ్చింది. అమ్మ విషయంలో ఆమెకి ఇంకో దారి లేదు, ఇక్కడ ఉంది. నాకు ఈ కథలో రచయిత మీద ఉన్న ఒకే ఒక్క కోపం సముద్రం ట్రిప్పు గురించి. అయిదుగురు స్నేహితులూ వెళ్లి, ఈ వేసవి మాది అని ఊగిపోయిన ఆ రోజు తనకి గుర్తే లేదంటుంది పెద్ద హీదో. జీవితం అలాగే ఉంటుందని వాదించేవాళ్లున్నారు. ఉండొచ్చు. అన్ని ఎపిసోడ్లు ఆ రోజును మన గుండెల్లో పెట్టి, ఆమె గుండెలోంచి తీసెయ్యడం నాకు రుచించలేదు.

‘స్టార్ట్-అప్’ గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే రెండోసారి చూడ్డానికి అందులో ఎక్కువ లేదు. 2020 చివర్లో, కథానాయిక దల్మి ఎవరికి దక్కాలన్న దాని మీద సగం మంది దోసన్ వైపు, సగం మంది జిప్యోంగ్ వైపు చీలిపోయారు. మా ఇంట్లో దోసన్ వైపు నిలబడింది నేనొక్కదాన్నే. అనాథ జిప్యోంగ్‌కి చిన్నప్పుడు నీడనిచ్చింది దల్మి నానమ్మ. ఆవిడ కోరిక మీద వేరేవాడి పేరుతో దల్మికి ఉత్తరాలు రాసింది జిప్యోంగ్, ఆ పేరు దోసన్‌ది. ఉత్తరాలు రాసినవాడికే ప్రేమ దక్కాలి అన్నది ఒక జట్టు. ఎదురుగా నిలబడ్డ మనిషిని ప్రేమించిందన్నది ఇంకో జట్టు. రెండో మాటే నిజమని నేనంటాను. అయితే నానమ్మ, జిప్యోంగ్ మధ్య సన్నివేశాలకి పెట్టిన ప్రాణంలో సగం కూడా దల్మి, దోసన్‌ల సన్నివేశాలకి పెట్టలేదు. న్యాయం ఒకవైపు, రచన బలం ఇంకోవైపు ఉంటే చూసేవాళ్లు ఎటు పోతారు? బలం ఉన్నవైపే పోయారు. వాళ్లని తప్పుపట్టను.

‘రీబార్న్ రిచ్’ వేరే రకం బాధ. 2022 క్రిస్మస్ నాడు ముగిసింది. ఆఖరి ఎపిసోడ్ రేటింగ్ 26.9 శాతం, ఆ రాత్రే తిట్లూ మొదలయ్యాయి. సున్‌యాంగ్ అనే వ్యాపార కుటుంబానికి చాకిరీ చేసి, వాళ్ల చేతుల్లోనే చచ్చిన ఉద్యోగి, అదే కుటుంబంలో చిన్న మనవడిగా మళ్లీ పుట్టి, ఆ సామ్రాజ్యాన్ని కైవసం చేసుకోవాలని పావులు కదుపుతాడు. మూలమైన వెబ్ నవలలో అతను అనుకున్నది సాధిస్తాడు. డ్రామాలో మాత్రం పాత ఉద్యోగిగా మంచం మీద లేస్తాడు. ఆ మనవడి చావులో తెలియకుండా తన చెయ్యి కూడా ఉందని గుర్తుచేసుకుని పశ్చాత్తాపపడతాడు. పశ్చాత్తాపం మంచి ముగింపే, కానీ దానికి బీజం ముందు ఎపిసోడ్లలో పడాలి. నేను వెతికాను. పగ ఉంది, ఆకలి ఉంది, తాతతో పోటీ పడుతూ పడుతూ పుట్టిన మమకారం ఉంది. అపరాధభావం ఎక్కడా లేదు. లీ సంగ్-మిన్ వేసిన ఛైర్మన్ పాత్ర కోసం మాత్రం ఈ డ్రామా తప్పక చూడాలి. ఆయన కన్నుమూసే ఎపిసోడ్ దాకా చూసి ఆపేసినా నష్టం లేదు.

వారానికి రెండు ఎపిసోడ్లు వచ్చే పద్ధతి ఈ తగువులకి సగం కారణం. మధ్యలో దొరికే ఐదు రోజుల్లో ఎవరికి తోచిన ముగింపు వాళ్లు కట్టుకుంటారు, అది కట్టుకున్నాక రచయిత ఏం ఇచ్చినా తక్కువే. 2025లో ‘వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరిన్స్’ని నెట్‌ఫ్లిక్స్ వారానికి నాలుగు చొప్పున నాలుగు వారాలు ఇచ్చినప్పుడు గుమ్‌మ్యోంగ్‌ని పెళ్లాడేది ఎవరని ఇంట్లో మళ్లీ అదే సందడి. పాత డ్రామా ఒకేసారి చూసేవాళ్లకి ఆ సందడి ఉండదు, అదొక లోటు. కానీ మనసులో సొంత ముగింపు లేకుండా కథను కథగా చూసే అవకాశం వాళ్లదే. మొదటిసారి వారం వారం, రెండోసారి సెలవుల్లో ఏకబిగిన. నాకు కుదిరిన పద్ధతి ఇదీ.

‘మై మిస్టర్’ తగువు మాత్రం రెండోసారి చూసినా తేలలేదు, మూడోసారీ తేలలేదు. 2018 నాటిది. నలభైలు దాటిన స్ట్రక్చరల్ ఇంజినీర్ పార్క్ దోంగ్‌హున్, అప్పుల్లో మునిగి, చెవులు వినబడని నానమ్మను సాకుతున్న ఇరవై ఒక్కేళ్ల జియాన్. డబ్బు కోసం అతని ఫోన్‌లో చొరబడి మాటలు వింటుంది. వినగా వినగా అతని అడుగుల చప్పుడు, నిట్టూర్పు, తాగొచ్చిన రాత్రి నడకా అన్నీ ఆమెకి తెలిసిపోతాయి. అది ప్రేమేనని మా పిన్ని కూతురు. జాలి అని వదిన. ఒక మనిషి మంచివాడుగా బతకడం మొదటిసారి దగ్గరగా విన్న ఆశ్చర్యం అని నేను. చివర్లో వాళ్లు సియోల్‌లో కాఫీ షాపులో అనుకోకుండా కలుస్తారు, చేతులు కలుపుకుంటారు, ఎవరి దారిన వాళ్లు వెళ్తారు. అది ఏమిటో డ్రామా చెప్పదు, చెప్పకపోవడమే సరి. ఎందుకంటే ఇద్దరికీ ఏం కావాలో, ఏం దొరికిందో 16 ఎపిసోడ్లలో ఒక్క అడుగు తప్పకుండా చూపించింది. ఆమెకి భయం లేకుండా పడుకోవడం కావాలి, అతనికి తన బతుకు మీద తనకే రోత పుట్టకుండా ఉండడం కావాలి. ముగింపుకొచ్చేసరికి రెండూ దొరికాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దీనితో మాత్రం మొదలుపెట్టకండి. మొదటి నాలుగు ఎపిసోడ్లు చీకటిగా, బరువుగా ఉంటాయి, చాలామంది అక్కడే ఆపేస్తారు. ముందు ‘రిప్లై 1988’ చూడండి, తోడుకి ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టుకోండి, వాళ్లది ఏ జట్టో 10వ ఎపిసోడ్‌కల్లా తెలిసిపోతుంది.