కాల్విన్ అండ్ హాబ్స్ నాలుగు వాల్యూముల సెట్, పదేళ్లు చదివాక

కాల్విన్ అండ్ హాబ్స్ అనే అమెరికా కామిక్ బొమ్మల కథల పుస్తకాల సెట్ ఇది, కొని పదేళ్లయింది, ఇప్పటికీ ఏదో ఒక వాల్యూము మా మంచం మీదో సోఫా మీదో ఉంటానే ఉంటది. కాల్విన్ నాకు పరిచయమయింది మాత్రం ఇంకా ముందు, నెల్లూరులో మా నాయన పిలకాయలకి ఇంగ్లీషు వస్తదని తెప్పించిన పేపర్లో. ఎడిటోరియల్ చదవమనేవాడు, నేను ముందు ఆ నాలుగు గళ్ల బొమ్మల దగ్గరకే పోయేవాణ్ణి. అవి పాతవే మళ్లీ వేస్తున్నారని చాన్నాళ్లు తెలీదు నాకు. వీటిని రాసి గీసిన బిల్ వాటర్సన్ 1985 నవంబర్ 18న మొదలుపెట్టి 1995 డిసెంబర్ 31న ఆపేశాడు, అదీ బ్రహ్మాండంగా నడుస్తా ఉన్నప్పుడు.

ఆరేళ్ల పిల్లోడు కాల్విన్, వాడి పులి హాబ్స్, ఇంతే కథ. వేరే వాళ్లెవరన్నా గదిలో ఉంటే హాబ్స్ ఉత్త గుడ్డబొమ్మ, కాల్విన్ ఒక్కడే ఉంటే నిలువెత్తు పులి, వాడితో వాదిస్తది, కొట్లాడతది. ఏది నిజమో వాటర్సన్ చెప్పడు, అసలు చెప్పాల్సిన పనే లేదు.

ఇన్నేళ్లలో నన్ను బాగా పట్టుకున్నది రకూన్ (అమెరికాలో తిరిగే చిన్న అడవి జంతువు) పిల్ల కథ. దెబ్బ తగిలి పడున్న చిన్న పిల్లని కాల్విన్ చూసి అమ్మని పిలుస్తాడు, ఇంటికి తెచ్చి అట్టపెట్టెలో పెడతారు, తెల్లారేసరికి చచ్చిపోయి ఉంటది. అంత అల్లరోడు ఏడుస్తాడు, వాళ్ల నాయన దగ్గర కూర్చుని ఓదారుస్తాడు, పెద్ద పెద్ద మాటలేం ఉండవు. చిన్నప్పుడు ఈ కథలో కాల్విన్‌నే చూసినా, ఇప్పుడు చదివితే ఆ పొద్దున పిల్లోడికి సంగతి చెప్పాల్సిన నాయన దగ్గరే ఆగిపోతా. ఇదే నాయన వేరే చోట, పాత ఫొటోలు ఎందుకు నల్లగా తెల్లగా ఉంటాయంటే అప్పట్లో లోకమే అట్టా ఉండేదని నమ్మకంగా చెప్తాడు, అది మా పాపకి బో ఇష్టం.

మంచు మాకు తెలీదు గానీ ఆదివారం పేజీల్లో స్లెడ్జి (మంచు మీద జారే బండి) మీద ఇద్దరూ జారిపోయే బొమ్మలు చూస్తుంటే తెలీని లోటే ఉండదు. రంగులు ఈ పదేళ్లలో ఏం వెలిసిపోలేదు. ఇబ్బందులంటే, వాల్యూములు బరువు, పడుకుని చదివితే చేతులు లాగుతాయి. కాల్విన్ మాట్లాడే ఇంగ్లీషు కూడా వాడి వయసుకి మించిందే, చిన్నపిల్లలకి పక్కన కూర్చుని చెప్పాలి. నాకు సెట్ నలిగిన డబ్బాలో వచ్చింది, అమ్మినోళ్లు మార్చివ్వలేదు, ఒక మూల ఇప్పటికీ వంగే ఉంది.

పాప హాబ్స్ బొమ్మ కావాలంది. వాటర్సన్ బొమ్మలకీ టీషర్టులకీ లైసెన్స్ ఇవ్వడానికి ఒప్పుకోలేదు, కోట్లు వస్తాయన్నా ఒప్పుకోలేదు, ఆయన మీద నా గౌరవం అక్కడే ఇంకా పెరిగింది. అందుకని రొట్టెల పండగప్పుడు స్వర్ణాల చెరువు కాడ అంగట్లో మామూలు పులిబొమ్మ ఒకటి కొనిచ్చా, చెవి ఊడితే మా అమ్మ నల్లదారంతో కుట్టింది. మొన్న మధ్యాహ్నం గదిలోంచి పాప మాటలు వినపడ్డాయి, ఎవరితోనో గట్టిగా వాదిస్తా ఉంది. తలుపు తీశా. ఠక్కున ఆపేసింది. పులి దిండుకి ఆనుకుని కూర్చోనుంది, కుట్టిన చెవి నా వైపు పెట్టి. సారీ చెప్పి తలుపేసి వచ్చేశా.